పండగ ఎత్తేసిన ఏడు రోజులు

షబ్తాయ్ మామ యెరూషలేములో మా ఉమ్మడి వాకిట్లో ఎవరింటికి కుళాయి బాగుచేయడానికొచ్చినా, కుళాయికి పట్టే సమయం కంటే ఆ నెల గురించి చెప్పడానికి పట్టే సమయమే ఎక్కువ. సింకు కింద వెల్లకిలా పడుకుని, పళ్ల మధ్య వాషర్ పెట్టుకునే మాట్లాడేవాడు. మా యూదుల పంచాంగంలో నిసాన్ నెలయితే ఐగుప్తు నుంచి విడుదల గురించి, ఆవ్ నెలయితే కాలిపోయిన ఆలయం గురించి. ఎలూల్ వస్తే రాజు కోట వదిలి పొలాల్లోకొచ్చి మామూలు జనంతో నవ్వుతూ మాట్లాడతాడని చెప్పేవాడు. దేవుడు ఆ నెలలో అంత దగ్గరగా ఉంటాడట. మా అమ్మ వంట ఆపుకుని నిలబడి వినేది. నీళ్లెప్పుడొస్తాయని మాత్రం అడిగేది కాదు.

ఆయన పెద్ద చదువులేం చదవలేదు. తండ్రి జాఖో అనే ఊరి నుంచి వచ్చిన కుర్దు యూదుడు, యెరూషలేము బజార్లో మూటలు మోసేవాడు. షబ్తాయ్ మామకి చిన్నప్పుడే పైపుల పని అబ్బింది. నెలల సంగతులన్నీ సాయంత్రాలు ప్రార్థనా మందిరంలో వెనక బెంచీ మీద కూర్చుని విన్నవే. కానీ వినడం వేరు, ఆయనకి పట్టడం వేరు. నెల మొదట్లో సన్నటి చంద్రుడు కనిపిస్తే వాకిట్లోకి అందరినీ పిలిచేవాడు. తగ్గి తగ్గి లేకుండా పోయినవాడు మళ్లీ వచ్చాడు చూడండి, మన బతుకూ అంతే అనేవాడు. కాలం ఎక్కడికీ పోదని ఆయన గట్టి నమ్మకం. సముద్రం చీలిన రాత్రి ఎప్పుడో అయిపోలేదు, అక్కడే ఉంది. ఏడాదికోసారి మనం దాని గుమ్మం ముందు నుంచి నడుస్తాం. లోపలికి వెళ్లడమా మానడమా అన్నది మన చేతిలో ఉంది.

ఈ మాటలన్నిటికీ ఆయన భార్య ఆస్నత్ అత్త దగ్గర ఒకటే జవాబు.

"నీ నెలలన్నీ మనింటికే వస్తాయి, తింటాయి, పోతాయి. గిన్నెలు మాత్రం నేను తోముకోవాలి."

ఆయన నవ్వేవాడు. నిజంగా ఆవిడే తోమేది.

వాళ్లకి పిల్లల్లేరు. ఆస్నత్ అత్త ఒక పెద్దాసుపత్రి వంటింట్లో పనిచేసేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రిటైరయ్యే దాకా, తెల్లారకముందే మెట్లు దిగి మొదటి బస్సు ఎక్కేది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఉల్లిపాయ వాసనతో వచ్చేది. అక్కడ ఏం జరిగేదో, ఎవరితో నవ్వేదో, ఎవరితో పోట్లాడేదో ఇంట్లో ఒక్క ముక్క చెప్పేది కాదు. చెప్పే సందు కూడా లేదు మరి, ఇంట్లో మాట్లాడేవాడు ఆయన. ఆవిడ వినేది, మధ్యలో ఒక పోటు పొడిచేది, మళ్లీ వినేది.

తర్వాత జబ్బు చేసింది. మెట్లు దిగడం మానేసింది. వాకిట్లో కొత్తగా అద్దెకొచ్చిన వాళ్లు చాలామంది ఆవిడ మొహమే చూడలేదు.

పందిళ్ల పండగ ముందు రోజు పొద్దున్న ఆవిడ ఆసుపత్రిలో పోయింది. ఆ రోజే ఎందుకు పోవాలి అని మా అమ్మ తల పట్టుకుంది. మా వాళ్లు ఎవరికైనా ఆ రోజు పేరు చెబితే చాలు, మిగతాది వాళ్లకే అర్థమవుతుంది. మామూలుగా అయితే మట్టి ఇచ్చాక ఇంటివాళ్లు ఏడు రోజులు నేల మీదో పొట్టి పీట మీదో చెప్పులు లేకుండా కూర్చుంటారు. అద్దాలకి గుడ్డలు కప్పుతారు, తలుపు తెరిచే ఉంటుంది. ఊళ్లో వాళ్లంతా వచ్చి పక్కన కూర్చుని, పోయిన మనిషి గురించి తమకి తెలిసింది చెబుతారు. కానీ పండగకి ముందు అంత్యక్రియలయి, కాసేపు కూర్చున్నా సరే, పొద్దు గుంకి పండగ రాగానే ఆ ఏడు రోజులూ రద్దయిపోతాయి. ఏడవడానికి ఇక రోజులుండవు. లేచి మంచి బట్టలు కట్టుకుని సంతోషించాలి. అది ఆజ్ఞ.

అంత్యక్రియల సంఘం మనిషి ఆసుపత్రి వరండాలో సరిగ్గా ఇదే చెప్పాడు, అదేదో శుభవార్తలాగా. ఇప్పుడు పూడ్చేద్దాం, మీరింటికెళ్లి కాసేపు కూర్చోండి చాలు, సాయంత్రానికి బరువు దిగిపోతుంది అన్నాడు. షబ్తాయ్ మామ అక్క హబీబా పక్కనే ఉంది, దేవుడి దయ అంది.

మామ మాత్రం ఆ దయ తనకొద్దన్నాడు. నాకు ఆ ఏడు రోజులు కావాలి అన్నాడు.

ఎందుకని హబీబా అడిగింది. ఆయన చెప్పిన జవాబు నాకు మాట మాటా గుర్తుంది.

"ఆ వంటింటి వాళ్లు రావాలక్కా. నాతో ఇన్నేళ్లు కాపురం చేసింది, అక్కడెలా ఉండేదో నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు. ఏడు రోజులు తలుపు తీసి పెడితే వాళ్లొస్తారు, చెబుతారు. లేకపోతే ఇక ఎప్పటికీ తెలీదు."

దారులు రెండే ఉన్నాయి. అంత్యక్రియలు పండగ మధ్యకి వాయిదా వేస్తే, పండగ అయ్యాక ఏడు రోజులూ పూర్తిగా కూర్చోవచ్చు. కానీ యెరూషలేములో శవాన్ని రాత్రంతా ఉంచరు. పైగా ఆస్నత్ అత్తకి ఒంటరిగా పడుకోవడమంటే భయం. ఆ చల్లటి శవాల గదిలో రేపు రాత్రి దాకా ఆవిణ్ణి వదిలేయడం ఆయన వల్ల కాలేదు. రెండో దారి, ఈరోజే మట్టి ఇచ్చి, చీకటి పడే దాకా అసలు కూర్చోకుండా ఉండటం. మొదలుపెట్టని దుఃఖాన్ని పండగ రద్దు చేయలేదు. అది పండగ అయ్యే దాకా ఆగుతుంది. సంఘం మనిషి మొహం చిట్లించి, కావాలని అలా చేయడం మంచిది కాదన్నాడు, కానీ లెక్క మాత్రం అదేనని ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం కొండ మీద, రాళ్ల మధ్య ఆవిణ్ణి పూడ్చారు. షబ్తాయ్ మామ ఆచారం ప్రకారం గుండె దగ్గర చొక్కా చింపుకున్నాడు. అందరూ పండగ తొందర్లో ఉన్నారు. వెనక్కి నడుస్తూ ఫోన్లలో చేపల గురించి, పందిరి ఆకుల గురించి మాట్లాడుకున్నారు. నేను వాళ్లని తప్పు పట్టడం లేదు. ఆ సాయంత్రానికి ఎవరింటి పని వాళ్లకుంటుంది.

ఇంటికొచ్చాక ఆయన కూర్చోలేదు. తోలు చెప్పులు విప్పలేదు. వాకిట్లో అందరికీ కలిపి వేసిన పందిరికి గుడ్డలు బిగించాడు, బిగించినవే మళ్లీ బిగించాడు. హబీబా పీట తెచ్చి వేస్తే కాలితో పక్కకి నెట్టాడు. ఒక్క నిమిషం కూర్చోరా, అంతటితో అయిపోతుంది, ఏడు రోజులు గోడలు చూస్తూ ఏం ఏడుస్తావు అని ఆవిడ బతిమాలింది. నువ్వు కూర్చో, నాకు పనుంది అన్నాడు. కాసేపటికి ఆయన పందిరి వెనక్కి వెళ్లాడు. మా అమ్మ పళ్లెంలో ఏదో పెట్టుకుని ఆ వైపు వెళ్లింది. తర్వాత పొద్దు గుంకిందని ఊళ్లో సైరన్ మోగింది, పండగ వచ్చేసింది.

ఆయన స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని పందిట్లోకి వచ్చాడు.

పండగంటే ఏంటో నాకు ఆ వారం అర్థమైంది. మామూలుగా మాకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే సంతోషమైన పండగ ఇది. ప్రార్థనల్లో దాని పేరే మన సంతోషపు కాలం. ఇల్లు వదిలి, ఆకుల కప్పు కింద, నక్షత్రాలు కనిపించే చోట తినాలి. గట్టి గోడల మీద నమ్మకం పెట్టుకోవద్దని దాని అర్థమని ప్రతి ఏడూ షబ్తాయ్ మామే చెప్పేవాడు. ఈసారి ఆయన చెప్పలేదు. కానీ పాటలు వచ్చినప్పుడు పాడాడు. మాంసం ఉండలేసిన కుబ్బా పులుసు పోస్తే తాగాడు. పక్కింటి వాళ్లు ఎవరూ ఆస్నత్ అత్త పేరెత్తలేదు, ఎత్తకూడదు కూడా. పండగ శుభాకాంక్షలు అన్నారు. మీకూ అన్నాడు. చేతులు గుండ్రంగా పట్టుకుని అందరూ తిరుగుతుంటే ఆయన్నీ లాగారు. ఆయన కాళ్లు కూడా తిరిగాయి. ఆ మొహం వైపు చూడలేక నేను పళ్లాలు తీసే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

ఆయన్ని నిలబెట్టింది ఒక్కటే. పండగ అవగానే మొదలుపెడతా అని నాతో రెండుసార్లు అన్నాడు. హబీబా కూడా చివరికి మెత్తబడి ఆసుపత్రి వంటింటికి కబురు పంపింది. అక్కడ ఫ్రేహా అని ఒకావిడ ఉందట, ఆస్నత్ అత్త పక్కనే ఏళ్ల తరబడి కూరగాయలు తరిగిందట. తప్పకుండా వస్తాం, చాలా చెప్పాలి అందట. ఆ 'చాలా చెప్పాలి' అన్న మాట హబీబా వచ్చి చెప్పగానే షబ్తాయ్ మామ చెంచా కింద పెట్టి, మళ్లీ చెప్పమన్నాడు. ఫ్రేహా ఆ మాట ఎలా అంది, నవ్వుతూ అందా అని అడిగాడు. నేను అటక మీద నుంచి పొట్టి పీటలు దింపి తుడిచి పెట్టాను. కుర్చీలు సరిపోవని పైవాళ్ల దగ్గర అడిగి ఉంచాను.

పండగ మధ్య రోజుల్లో ఒక మధ్యాహ్నం, పందిట్లో భోజనాలయ్యాయి. మిగిలింది మేం నలుగురమే, ఆయన, హబీబా, అమ్మ, నేను. అమ్మ ఆయనకి అన్నం కూరిన ఆకుచుట్టలు మరో రెండు వడ్డించబోయింది, ఆయన వద్దన్నాడు. అమ్మకి బాధేసి, తినకపోతే ఎలా అన్నయ్యా అంటూ ఆ రోజు సంగతి ఎత్తింది.

"అంత్యక్రియల నుంచి వచ్చిన సాయంత్రం కూడా అంతే. పందిరి వెనక నేల మీద కూలబడి ఉన్నావు, చెప్పులు విప్పేసి, ఆ చిరిగిన చొక్కాతో. నేను గుడ్డు చేతిలో పెడితే మాట్లాడకుండా తిన్నావు. ఆ ఒక్క గుడ్డే."

అమ్మకి తను ఏం చెప్పిందో తెలీలేదు. ఆయనకి తెలిసింది. నాకు ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది.

మట్టి ఇచ్చి వచ్చినవాడికి ఇరుగుపొరుగు ఉడికించిన గుడ్డు పెట్టడం మా ఆచారం. అది గుండ్రంగా ఉంటుంది, తిరిగి తిరిగి వచ్చే దుఃఖంలాగా, దుఃఖంలో ఉన్నవాడిలాగే దానికీ నోరుండదు. ఆ గుడ్డు దుఃఖం మొదలైందనడానికి గుర్తు. నేల మీద, చెప్పుల్లేకుండా, పొరుగు పెట్టిన గుడ్డు, అది కూడా చీకటి పడకముందు. అంటే కూర్చున్నట్టే, పండగ ఆ ఏడు రోజుల్నీ ఎత్తేసినట్టే.

హబీబాయే ముందు తేరుకుంది. నిజం చెప్పాలంటే మొదటి నుంచీ ఆయన కూర్చోవాలని కోరుకున్నది ఆవిడే, ఇప్పుడు అది కూర్చోవడమే కాదని వాదించిందీ ఆవిడే. కాళ్లు వాచి కూలబడితే అది కూర్చోవడం ఎలా అవుతుంది, ఎవడు చూశాడు, చూసింది నఈమా ఒక్కతే, అది నోరు మూసుకుంటుంది అంది. నఈమా అంటే మా అమ్మే. అమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేనేం చూడలేదు, నేనేం పెట్టలేదు అని పదేపదే అంటోంది.

షబ్తాయ్ మామ లేచి, నాతో రా పిల్లా అన్నాడు.

మా మతగురువు రబ్బీ అల్వాన్ ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన కూడా పందిట్లోనే ఉన్నాడు, మనవరాలికి నిమ్మకాయ లాంటి పండగ పండు వాసన చూపిస్తున్నాడు. మమ్మల్ని చూసి పిల్లని లోపలికి పంపేశాడు. షబ్తాయ్ మామ జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఒక్క ముక్క మార్చకుండా. రబ్బీ మంచివాడు. మామ తప్పించుకోవడానికి ఒక తలుపు తెరిచి పెట్టాలనుకున్నాడు, ఆ సంగతి నాకు కూడా తెలిసిపోయింది.

"ఒక్క సంగతి అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఎందుకు కూర్చున్నావు? కాళ్లు నొప్పెట్టి కూర్చున్నావా, ఆవిడ కోసం కూర్చున్నావా?"

కాళ్ల నొప్పి అంటే అయిపోయేది. పండగయ్యాక ఏడు రోజులూ ఆయనవే. నేను ఆయన వైపు చూస్తూ మనసులో ఆ మాటే అరుస్తున్నాను, కాళ్ల నొప్పి అను, కాళ్ల నొప్పి అను.

"కూర్చున్నప్పుడు కాళ్ల నొప్పికే రబ్బీ గారూ," అన్నాడు. "గుడ్డు నోట్లో పెట్టుకున్నాక, ఆస్నత్ పోయిందని మొదటిసారి తెలిసింది. అప్పుడు లేవబుద్ధి కాలేదు. కావాలనే కూర్చుండిపోయాను."

రబ్బీ కళ్లు మూసుకున్నాడు. అయితే కూర్చున్నట్టే షబ్తాయ్ అన్నాడు. పండగ దాన్ని తీసుకుపోయింది, పండగ అయ్యాక మళ్లీ మొదలుపెట్టడానికి లేదు, ఆజ్ఞలో లేని దుఃఖాన్ని మనం కలపకూడదు అన్నాడు. ఇంకేదో ఓదార్పు చెప్పబోయి ఆగిపోయాడు, పండగలో ఓదార్చకూడదు కూడా కదా.

తిరిగొస్తుంటే నేను ఉండబట్టలేక అడిగేశాను, ఎందుకలా చెప్పావు మామా, సగం నిజం చెబితే సరిపోయేది కదా అని. ఆయన నన్ను కోప్పడలేదు. నడుస్తూనే మాట్లాడాడు.

"ఈ లెక్క నాదైతే ఎలాగైనా తిప్పుకునేవాణ్ణే పిల్లా. నాది కాదు. దొంగతనంగా ఏడు రోజులు తెచ్చుకుంటే అవి ఏడు మామూలు రోజులే. వాటిల్లో దాన్ని ఎక్కడ వెతకను?"

కొంచెం దూరం నడిచాక ఇంకో మాట అన్నాడు, నాతో కాదు, తనలో తను అన్నట్టు. ప్రతి రోజులో ఏదో ఉంటుందని ఊరందరికీ చెప్పానే, నాకోసం ఒక్కటి కూడా ఉంచలేదే అన్నాడు.

పండగ చివరి రోజు మందిరంలో వాన కోసం ప్రార్థన చేశారు. మా ధర్మశాస్త్రం తోరా రాసిన తోలు చుట్టలు ఎత్తుకుని నాట్యం చేశారు. మర్నాడు పందిళ్లు విప్పేశారు. నేను పీటలు మళ్లీ అటక మీద పెట్టాను, పైవాళ్ల కుర్చీలు వాళ్లకిచ్చేశాను. హబీబా వంటింటి వాళ్లకి రావద్దని కబురు పంపింది. అది ఫ్రేహాకి అందలేదు.

రెండు రోజుల తర్వాత ఫ్రేహా వచ్చింది. లావుపాటి ముసలావిడ, తల మీద ముదురు రంగు గుడ్డ, చేతిలో ఒక డబ్బా నిండా ఏవో బిస్కెట్లు. ఆయాసపడుతూ మెట్లెక్కింది. అప్పుడు నేను షబ్తాయ్ మామ ఇంట్లోనే ఉన్నాను, ఆయనకి అమ్మ పంపిన భోజనం ఇవ్వడానికి వెళ్లి. ఆవిడ గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. అద్దానికి గుడ్డ కప్పలేదు. నేల మీద ఎవరూ లేరు. ఆయన మామూలు కుర్చీలో, కాళ్లకి చెప్పులతో ఉన్నాడు. మనిషి పోయాక ముప్పై రోజులు గడ్డం గీయకూడదు, ఆ లెక్కలో మిగిలిన కొద్ది రోజులకి గీసుకోలేదు, అంతే.

ఏడు రోజుల్నీ పండగ ఎత్తేసిందా అని నన్ను మెల్లగా అడిగింది. అవునన్నాను. ఆవిడ మొహం మారింది. ఏడుపు మొహంతో వచ్చిన మనిషి అక్కడికక్కడే దాన్ని తుడిచేసుకుంది. దుఃఖం ముగిసిన ఇంట్లో చనిపోయినవాళ్ల సంగతులెత్తి మళ్లీ గాయం రేపకూడదని మా వాళ్లందరికీ చిన్నప్పుడే నేర్పుతారు. ఫ్రేహా మంచి పెంపకంలో పెరిగిన మనిషి.

ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాడు, టీ పెట్టమని నాకు చెప్పాడు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. ఫ్రేహా బస్సు ఎంతసేపటికి వచ్చిందో చెప్పింది. ఈ ఏడు వానలు ముందే వస్తాయేమో అంది. తన మోకాళ్ల గురించి చెప్పింది, వాటికి రాసుకునే నూనె గురించి చెప్పింది. ఆయన ప్రతిదానికీ అవునవును అంటున్నాడు. ఒక్కో మాట అయిపోయాక ఆగుతున్నాడు, తర్వాత మాట అదే అవుతుందేమోనని. టీ తెచ్చేసరికి ఆయన కుర్చీ అంచుకి వచ్చేసి ఉన్నాడు. ఆవిడ ఊది ఊది టీ తాగింది. బిస్కెట్లు ఇంట్లో చేసినవే, తినండి అంది.

అడిగితే ఆవిడ చెప్పేదేమో. కానీ అడిగితే, ముగిసిపోయిన దుఃఖాన్ని ఆయనే మళ్లీ తెరిచినట్టు. ఆయన చేతులు మోకాళ్ల మీద కదులుతున్నాయి. ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, గుమ్మం దాకా వెళ్లింది. అప్పుడు ఆయన వల్ల కాలేదు.

"అది... అక్కడ ఎలా ఉండేదమ్మా?"

ఫ్రేహా ఆగింది. తిరిగి ఆయన వైపు చూసింది. ఆవిడ పెదవులు ఏదో అనడానికి విడిపోయి, మళ్లీ మూసుకున్నాయి. చాలా జాగ్రత్తగా, రోగి మంచం పక్కన మాట్లాడినట్టు మాట్లాడింది.

"మంచి మనిషి. అందరితో మంచిగా ఉండేది."

ఆయన తలూపాడు. వంటింటి దీపం మెట్ల మీదికి కొంచెం పడుతోంది. ఆవిడ ఒక్కో మెట్టూ రెండు కాళ్లూ పెట్టి దిగుతుంటే, కింద వాకిలి తలుపు చప్పుడయ్యే దాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత నేను ఉన్నానన్న సంగతి మర్చిపోయినట్టు తలుపేసి గడియ పెట్టుకున్నాడు.

హెష్వాన్ నెల వచ్చింది. మాకు ఒక్క పండగ కూడా లేని నెల అది. ఆ నెలలో మా సింకు కింద మళ్లీ నీళ్లు కారాయి. ఆయన వచ్చాడు, పడుకుని, బిగించి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. అమ్మ వంట ఆపుకుని నిలబడింది కానీ, ఆయన ఏమీ మాట్లాడలేదు.